వేగమా? బ్యాటరీయా?

మొన్న ఊరెళ్తూ రైల్లో ఒక బగ్ సరిచేస్తున్నా. కంపైల్ పెట్టగానే ఫ్యాను గోల, సగంలోనే బ్యాటరీ హుష్ కాకి! సీటు దగ్గర ప్లగ్గు పనిచెయ్యదు. అవతల మేనేజరు గారి ఫోన్లు. పరువు పోయిందనుకోండి.

తప్పు నాదే. కొనేటప్పుడు గిగాహెర్ట్జులే చూశాను. కాలేజీలో బట్టీపట్టిన సూత్రం మర్చిపోయా: చిప్పు తాగే కరెంటు దాని వేగాన్ని, వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండూ 10 శాతం తగ్గిస్తే ఆ ఖర్చు దాదాపు 27 శాతం తగ్గుతుంది. 2003లో వచ్చిన పెంటియం ఎమ్, ఒక్కో క్లాకుకి ఎక్కువ పని చేస్తూ, తక్కువ గిగాహెర్ట్జులతోనే పెంటియం 4కి దీటుగా నిలబడింది.

ఇప్పుడు ప్రయాణాల్లో టర్బో ఆపేస్తున్నా. కంపైల్ కాస్త నెమ్మదే, కానీ పూర్తవుతుంది. సగం దారిలో ఆగిపోయే వేగం ఎందుకు చెప్పండి?