వరాహ ఒడ్డున ఎర్రగొంతు పిట్ట

బలిఘట్టం,
మే 11

అన్నయ్యా,

అందరూ చలి కోసం డిసెంబరులో నర్సీపట్నం మీదుగా లంబసింగి పోతారు. నేను మే ఎండలో దిగాను, నవ్వుకో. బలిఘట్టం నర్సీపట్నానికి పక్కనే. బలి చక్రవర్తి యాగం చేసిన చోటంటారు. కొండ మీద బ్రహ్మలింగేశ్వరుడు, కింద వరాహ నది. ఏరు ఇక్కడ ఉత్తరానికి తిరిగి పారుతుంది కాబట్టి శివరాత్రికి స్నానాలకు జనం విరగబడతారు. ఇప్పుడు మాత్రం ఇసుక మధ్య సన్నటి నీటి చారిక.

అసలు సంగతి. పొద్దున ఒడ్డునున్న మామిడి చెట్టులోంచి చిటచిటమని పొడి చప్పుడు. కీచురాయి అనుకున్నాను. కొమ్మ చివర్నుంచి ఓ పిట్ట ఎగిరి, గాల్లోనే ఈగను పట్టుకుని మళ్లీ అక్కడికే వచ్చి వాలింది. పిడికిట్లో పట్టేంత పిట్ట, పది పన్నెండు గ్రాములుంటుందేమో. తోక పైకెత్తి దించుతోంది. నల్ల తోక మొదట్లో రెండు పక్కలా తెలుపు, గొంతు నారింజ ఎరుపు. రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ అని నోటుబుక్కులో రాసేశాను. మే నెలలో! నీకు ఫోన్ చేయబోయి ఆగాను.

మేకలు తోలుకొచ్చిన పెద్దాయన నా బైనాక్యులర్ వంక చూసి, "అదా, సలికాలం పిట్ట గదమ్మా. ఇంకా ఎల్లనేదేటి?" అన్నాడు. పుస్తకం లేకుండానే కాలం తప్పిందని పట్టేశాడు.

మే 12, మధ్యాహ్నం

నిన్నటి ఉత్తరం పోస్టు చేయకపోవడం మంచిదైంది. నేను రాసింది తప్పు.

పాత పుస్తకాల్లో రెడ్ బ్రెస్టెడ్, టైగా ఫ్లైక్యాచర్ రెండూ ఒకటే పిట్ట. ఇప్పుడు వేరు చేశారు. రెడ్ బ్రెస్టెడ్ యూరప్ వైపు నుంచి వచ్చి ఎక్కువగా మన దేశపు పడమటి భాగంలో చలికాలం గడుపుతుంది. టైగా ఫ్లైక్యాచర్ సైబీరియా అడవుల్లో గుడ్లు పెట్టి తూర్పు వైపుకు వస్తుంది. రెడ్ బ్రెస్టెడ్ పోతుకు గొంతు ఎరుపు చలికాలంలోనూ ఉంటుంది. టైగా పోతుకు చలికాలంలో పోయి, తిరుగు ప్రయాణం ముందు మళ్లీ వస్తుంది. అంటే జనవరిలో ఎర్రగొంతు కనిపిస్తే ఒక అర్థం, మేలో కనిపిస్తే ఇంకో అర్థం. నేను తేదీ వేశాను గానీ దాన్ని చదవలేదు.

ఈ పొద్దున గంటన్నర కూర్చున్నాను. ముక్కు కింది సగం కూడా నలుపే. రెడ్ బ్రెస్టెడ్‌కైతే అక్కడ పాలిపోయి ఉంటుంది. ఎరుపు గొంతు దగ్గరే ఆగింది, దాని కింద బూడిద రంగు పట్టీ. తోక మొదట్లో పైన కప్పిన ఈకలు తోక కంటే నల్లగా ఉన్నాయి. టైగానే. రెక్క బాగానే ఉంది, దెబ్బేమీ లేదు. గబగబా పురుగులు తింటోంది. దూరం పోవాల్సిన పిట్టలు బయల్దేరే ముందు కొవ్వు పెంచుకుంటాయి కదా.

లంబసింగి,
మే 14

నిన్న మామిడి చెట్టు ఖాళీ. రెండు గంటలు చూసి బస్సెక్కాను.

దారిలో కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు గుర్తొచ్చారు. విశాఖ ఆయన. పక్షి శాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్‌లతో కలిసి ఈ విశాఖ కనుమల పిట్టల మీద రాసిన వ్యాసం 1987, 88లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. అబట్స్ బాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట తూర్పు హిమాలయాల దిగువ అడవుల నుంచి బర్మా వైపుది. అది ఈ విశాఖ కనుమల్లోనూ దొరికింది. ఇక్కడి ఉపజాతికి 1985లో రిప్లీ, బీలర్ 'కృష్ణరాజుయి' అని పేరు పెట్టారు. లేదనుకున్న పిట్ట ఉందని ఒప్పించడానికి వాళ్లంత పని చేశారు, నేనేమో మొదటి రోజే పేరు రాసేశాను! చెట్టు, టైము, ముక్కు రంగు, చప్పుడు అన్నీ రాసి, కొట్టేసిన పేరు కూడా పక్కనే కనపడేలా ఉంచాను. కొట్టివేతలు దాచకూడదని నాన్న అనేవారు.

నువ్వో పని చెయ్యి. అటక మీద నాన్న పిట్టల నోటుబుక్కులున్నాయి, అట్టలకు చెదలు పట్టకముందే దించు. మన పెరటి జామచెట్టు మీద ఈ పిట్ట ఏటేటా చివరిసారి కనపడిన తేదీలు ఆయన రాసేవారు. ఏప్రిల్, మే పేజీలు చూసి, గొంతు రంగు రాశారో లేదో కూడా చూసి, చింతపల్లి పోస్టాఫీసుకు జాబు రాయి. శుక్రవారం దాకా అక్కడే ఉంటాను.

నీ చెల్లి