ముఖం అబద్ధమాడుతుంది... చెయ్యి ఆడదు!

సినిమాల్లో పేకాట సీను మనకి కొత్త కాదు. పైన వేలాడే దీపం, గదినిండా సిగరెట్ పొగ, బల్లమీద నోట్ల కట్టలు. విలన్ మీసం మెలేస్తాడు. హీరో చిన్నగా నవ్వుతాడు. విలన్ నుదుటిమీద చెమట. ఆఖరికి ముక్కలు తిరగేస్తే మూడు ఆసులు! హాల్లో ఈలలు, చప్పట్లు.

అసలు ఆటలో మాత్రం ఆ చెమటకి చోటు లేదండీ. చెమట పట్టిన మరునిమిషంలో ఆ మనిషి జేబు ఖాళీ అయిపోతుంది. చెమట కనపడకుండా, కన్ను అదరకుండా, పెదవి వణక్కుండా గంటలకొద్దీ కూర్చోవడమే వృత్తిగా పెట్టుకున్న మనుషుల వూరు ఒకటుంది. అమెరికాలో, నెవాడా ఎడారి నడుమ. పేరు లాస్ వేగాస్. పదండి, ఓసారి అలా తిరిగొద్దాం.

ఎడారిలో దీపాల తోట

లాస్ ఏంజిలిస్ నుంచి కారులో బయల్దేరితే సుమారు 430 కిలోమీటర్లు. దారి పొడుగునా ఇసక, రాళ్ళు, ముళ్ళకంపలు. అంతలో ఒక్కసారిగా ఆకాశం అంచున వెలుగు! 1905లో రైలు కంపెనీవాళ్ళు స్థలాలు వేలం వేస్తే పుట్టిన వూరిది. 1931లో నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది. అదే యేడు దగ్గర్లో హూవర్ డ్యామ్ పని మొదలైంది. కూలీల చేతిలో జీతం, వూళ్ళో జూదం. ఇంకేం కావాలి?

ఇవాళ వెళ్ళినవాళ్ళంతా ‘స్ట్రిప్’ అనే పెద్ద రోడ్డు చూసి మురిసిపోతారు. నకిలీ ఈఫిల్ టవరు, నకిలీ వెనిస్ కాలవ, నీళ్ళు నాట్యం చేసే ఫౌంటెన్లు... మన స్టూడియో సెట్టింగులు దాని ముందు బలాదూర్! కానీ పోకర్ పాత అడ్డా చూడాలంటే అక్కణ్ణించి పాతవూళ్ళోకి, ఫ్రీమాంట్ వీధికి రావాలి.

ఆ వీధిలో 1951లో బెన్నీ బినియన్ అనే టెక్సాస్ ఆసామి ‘హార్స్‌షూ’ అనే జూదగృహం తెరిచాడు. అంటే గుర్రపునాడా. డల్లాస్‌లో చట్టానికి చాటుగా జూదం నడిపి ఇక్కడికొచ్చిన ఘనుడు. పన్ను ఎగవేత కేసులో జైలుకీ వెళ్ళొచ్చాడు. వ్యాపారం తెలిసినవాడు కాబట్టి పదివేల డాలర్ల నోట్లు వంద తెచ్చి, పెద్ద నాడా ఆకారంలో వున్న అద్దాల చట్రంలో బిగించాడు. పది లక్షల డాలర్లన్నమాట! దాని ముందు నిలబడి ఫోటో తీయించుకోవడం ఆ రోజుల్లో యాత్రికులకో ముచ్చట.

1970లో బినియన్ పేరున్న పోకర్ ఆటగాళ్ళని కొందర్ని పిలిచి ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’ మొదలుపెట్టాడు. మొదటి యేడు విజేతని ఓట్లేసి ఎన్నుకున్నారు. ఆయన పేరు జానీ మాస్. మరుసటి యేటి నుంచి ఆఖరి మనిషి మిగిలేదాకా ఆడటమే. 1972లో ప్రధాన పోటీ ప్రవేశ రుసుము పదివేల డాలర్లు. బియ్యం, బంగారం, బస్సు టిక్కెట్టు అన్నీ పెరిగిన ఈ యాభయ్యేళ్ళ పైచిలుకు కాలంలో పెరగనిది ఇదొక్కటే. నేటికీ అదే పదివేలు!

2004లో అప్పుల్లో పడి హార్స్‌షూ చేతులు మారింది. 2005లో పోటీ రియో హోటలుకి, 2022లో స్ట్రిప్ మీది హోటళ్ళకి తరలిపోయింది. పాత భవనం మాత్రం ‘బినియన్స్’ పేరుతో ఫ్రీమాంట్ వీధిలో వుంది.

రెండు దాపుడు ముక్కలు

ఆట తెలియని వాళ్ళకి రెండు మాటలు. ‘టెక్సాస్ హోల్డెమ్’ అనే ఈ పోకర్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు బోర్లించి ఇస్తారు. బల్ల మధ్యన అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు విడతలవారీగా తెరుస్తారు. నాలుగు విడతలు పందెం. రమ్మీలోలా ముక్కలు కూర్చి డిక్లేర్ చేస్తే చాలదు. చెత్తముక్కలు పట్టుకుని కూడా ఎదుటివాణ్ణి భయపెట్టి లేపెయ్యొచ్చు. మన మూడు ముక్కలాటలో బ్లైండు ఆడి బెదరగొట్టడం లాంటిదే. కాసినో మనతో ఆడదు. ప్రతి పందెంలోంచి కొంచెం కోసుకుంటుంది. మిగతాదంతా మనిషికీ మనిషికీ మధ్య యుద్ధం.

కనుక ఎదుటివాడి ఆ రెండు ముక్కలేమిటో వాడి ఒంటినుంచే చదవాలి. వొళ్ళు తనకి తెలియకుండా బయటపెట్టే ఆ గుట్టుకి పోకర్‌వాళ్ళు ‘టెల్’ అని పేరు పెట్టారు. తెలుగులో దీనికి నిఘంటువు అక్కర్లేదు, ‘మాయాబజార్’ (1957) చాలు. మాయా శశిరేఖ రూపంలో వున్న ఘటోత్కచుడిగా సావిత్రి నటన గుర్తుందా? వేషం శశిరేఖది, చీర శశిరేఖది. నడకలో, చూపులో మాత్రం ఘటోత్కచుడు వుండి వుండి తొంగి చూస్తాడు. అదిగో, అదే టెల్!

బలమంటే బలహీనం!

ఈ విద్యకి పెద్దబాలశిక్ష లాంటి పుస్తకం 1984లో మైక్ కారో రాశాడు. నిండా ఫోటోలే. ఆయన చెప్పిన మూలసూత్రం మన పల్లెటూరి సంతలో పశువుల బేరగాడికి కూడా తెలుసు. చేతిలో బలమున్నవాడు బలహీనుడిలా నటిస్తాడు. బలం లేనివాడు బలవంతుడిలా నటిస్తాడు. నిట్టూర్చి, భుజాలు ఎగరేసి, ‘సరే, పోతేపోయింది’ అన్నట్టు బిళ్ళలు తోశాడా? జాగ్రత్త, వాడి చేతిలో పెద్దముక్కలుంటాయి. బిళ్ళలు ఠపీమని కొట్టి, కళ్ళలో కళ్ళు పెట్టి గుడ్లురిమాడా? చాలామటుకు లోపల డొల్ల.

మరికొన్ని చూడండి.

బల్లమీద ముక్కలు తెరవగానే ఆటగాడి చూపు ఠక్కున తన బిళ్ళల మీదికి పోయి వస్తే, అతనికి ముక్క కలిసింది. పందెం కాయాలని మనసు తొందరపడింది. ముక్కలకేసి అలాగే చూస్తూ వుండిపోతే, పాపం కలవలేదు, ఇంకా వెతుక్కుంటున్నాడు.

బల్లమీద మూడు ఇస్పేటు ముక్కలు పడ్డాయి. ఒకాయన తన బోర్లించిన ముక్కలు ఎత్తి మళ్ళీ చూసుకున్నాడు. ఆయన దగ్గర రెండు ఇస్పేట్లు వుండవు. రెండూ ఇస్పేట్లే అయితే గుర్తుండేది కదా! ఒకటి నలుపని గుర్తుంది. ఇస్పేటో కళావరో గుర్తులేదు, అదీ సంగతి.

అన్నింటికన్నా వింత వణికే చెయ్యి. కొత్తవాడు అది చూసి ‘భయపడుతున్నాడు, మోసం చేస్తున్నాడు’ అనుకుని సర్వం వొడ్డుతాడు. తీరా చూస్తే అవతల రాజుల జతో, ఆసుల జతో! మంచిముక్క పడ్డప్పుడు అణచుకున్న ఉద్వేగం చేతుల్లోంచి పొంగుతుంది. అబద్ధమాడేవాడు అందుకు విరుద్ధంగా బిగుసుకుపోతాడు. వూపిరి కూడా బిగబడతాడు.

అయితే ఏ ఒక్క గుర్తూ అందరికీ వర్తించదు. పుట్టుకతోనే చేతులు వణికే ముసలాయన వుంటాడు, ఎప్పుడూ వాగే కుర్రాడు వుంటాడు. మనిషి మామూలుగా ఎలా వుంటాడో ముందు ఓ గంటసేపు కనిపెట్టాలి. ఆ మామూలు తప్పిన క్షణమే కబురు చెబుతుంది. వాగేవాడు మౌనం వహించాడంటే ఏదో వుందన్నమాట.

దాచుకోవడం ఎలా?

చదివే విద్య వున్నచోట దాచే విద్యా వుంటుంది. నల్లకళ్ళజోళ్ళు, నుదురుదాకా లాక్కున్న టోపీలు, మెడకి మఫ్లర్లు. మెడమీద నరం కొట్టుకోవడం కనపడకూడదని! 2004 విజేత గ్రెగ్ రేమర్ బల్లి కళ్ళ బొమ్మలున్న అద్దాలు పెట్టుకుని కూర్చునేవాడు. ఎదుటివాడు ఆ కళ్ళలోకి చూడలేక తలతిప్పుకోవాల్సిందే.

కానీ ఆరితేరినవాళ్ళ రక్షణ అంతకన్నా సాదా. అన్నీ ఒకేలా చెయ్యడం. ఆసుల జత వచ్చినా అడ్డమైన ముక్కలొచ్చినా అదే వేగంతో చూడటం, అంతే సేపు ఆలోచించడం, బిళ్ళలు అదే చేత్తో అదే తీరున తొయ్యడం, తర్వాత చూపు ఒకే చోట నిలపడం. తమ ముక్కలు తమ వంతు వచ్చేదాకా చూడనే చూడరు. అందరూ ముక్కలు చూసుకుంటుంటే వీళ్ళు అందర్నీ చూస్తుంటారు. ఇంకొందరు ఘటికులు దొంగ టెల్ వేస్తారు. రెండుసార్లు కావాలని ముక్కు గోక్కుని ఓడిపోయి, మూడోసారి గోక్కుని మూటగట్టుకుపోతారు.

తెరమీద

ఈ తంతుని హాలీవుడ్ బాగా వాడుకుంది. ‘రౌండర్స్’ (1998)లో జాన్ మల్కోవిచ్ వేసిన రష్యా దాదాకి క్రీము బిస్కెట్ల పిచ్చి. బిస్కెట్ చెవి దగ్గర పెట్టి విడదీసి తిన్నాడంటే చేతిలో ముక్కలున్నట్టే. హీరో మాట్ డామన్ అది కనిపెట్టి గెలిచే దారి పట్టాడు. తన గుట్టు రట్టయిందని తెలిసి దాదా చేసే వీరంగం చూసి తీరాలి! విశేషమేమిటంటే, అదే యేడు డామన్ నిజంగానే హార్స్‌షూలో పోటీకి కూర్చున్నాడు. రాజుల జత వచ్చింది. సర్వం వొడ్డాడు. ఎదుట డాయిల్ బ్రన్సన్, 1976లోనూ 1977లోనూ గెలిచిన మహానుభావుడు. ఆయన దగ్గర ఆసుల జత! హీరోగారు ఇంటికి.

‘కాసినో రాయల్’ (2006)లో జేమ్స్ బాండ్ కూడా బోల్తాపడ్డాడు. విలన్ కంటిదగ్గర చెయ్యి పెట్టుకుంటే అబద్ధమాడుతున్నట్టేనని లెక్కగట్టాడు. విలన్ అది పసిగట్టి, మంచిముక్కలున్నప్పుడే చెయ్యి పెట్టాడు. బాండ్‌గారి డబ్బు సఫా.

మొహం చూసి మోసపోకండి అని శాస్త్రవేత్తలూ అంటున్నారు. మైకేల్ స్లెపియన్ బృందం 2013లో ఒక పరిశోధన ప్రచురించింది. ప్రపంచ పోటీల వీడియోలు కత్తిరించి, కొందరికి ఆటగాళ్ళ మొహాలే చూపించారు, కొందరికి బిళ్ళలు తోసే చేతులే చూపించారు. ఎవరి ముక్కలు బాగున్నాయో చెప్పమన్నారు. మొహం చూసినవాళ్ళు గుడ్డి అంచనాని దాటలేకపోయారు. చేతులు చూసినవాళ్ళు దాటారు. తొణక్కుండా, జంకు లేకుండా సాగిన చెయ్యి వెనకే మంచిముక్కలున్నాయి. మొహానికి తాళం వెయ్యడం అందరూ నేర్చారు, మోచేతి సంగతి మర్చిపోయారు!

గుమాస్తా గెలుపు

2003లో టెన్నెసీ నుంచి ఒక అకౌంటెంటు వచ్చాడు. వయసు 27. ఇంటర్నెట్‌లో చవక పోటీ గెలిచి, దాని పుణ్యమా అని ఇక్కడ సీటు సంపాదించాడు. పేరు క్రిస్ మనీమేకర్. కథలో ఈ పేరు పెడితే ఎడిటరుగారు కొట్టేస్తారు, కానీ నిజంగా అదే ఇంటిపేరు! 839 మంది ఆడితే ఆఖరికి ఇద్దరు మిగిలారు. ఎదుట శామ్ ఫర్హా. నోట్లో వెలిగించని సిగరెట్, పేరుమోసిన ఆటగాడు. ఆఖరి ముక్క తెరిచేసరికి మనీమేకర్ దగ్గర ఏమీ కలవలేదు. ఫర్హా దగ్గర తొమ్మిదుల జత. మనీమేకర్ వున్నదంతా తోశాడు. నల్లద్దాలు, టోపీ, బొమ్మలా కూర్చున్నాడు. ఫర్హా చూశాడు, మాట కలపబోయాడు, మళ్ళీ చూశాడు. చివరికి గెలిచే ముక్కలు కింద పడేశాడు! కాసేపటికి 25 లక్షల డాలర్లు గుమాస్తావి. మరుసటి యేడు ఆ పోటీకి 2,576 మంది ఎగబడ్డారు.

నీలి అద్దాల వెనక

ఇంకొకడున్నాడు. స్టూ అంగర్. న్యూయార్క్ కుర్రాడు. ఎదుటివాడి ముక్కలు అద్దంలోంచి చూసినట్టు చెప్పేవాడని ఆ వూళ్ళో ప్రతీతి. 1980, 1981 వరసగా రెండేళ్ళు గెలిచాడు. తర్వాత డబ్బు, మత్తుమందు, అప్పులు. అందరూ అయిపోయాడనుకున్నాక 1997లో మళ్ళీ వచ్చి గెలిచాడు. బహుమతి పది లక్షల డాలర్లు. ఫోటోల్లో కళ్ళకి గుండ్రటి నీలి అద్దాలు. ఎత్తు తెలియకుండా పెట్టుకున్నాడనుకుంటాం. కొకెయిన్‌కి కుంగిపోయిన ముక్కుని దాచుకోవడానికని ఎరిగినవాళ్ళు చెబుతారు.

1998 పోటీ నాటికి అతనికి లేచి వచ్చే ఓపిక కూడా లేదు. అదే యేడు నవంబరులో అదే వూళ్ళో ఒక చవక మోటెల్ గదిలో శవమై కనిపించాడు. వయసు 45. గడించిన లక్షలేవీ మిగల్లేదు. అంత్యక్రియలకి స్నేహితులు చందాలు వేసుకున్నారు.

అన్నట్టు, ఇదంతా చదివి పేక కలపబోయే కుర్రాళ్ళకి ఒక మనవి. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ పందాలకీ వర్తించేలా సవరించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. ఎదుటివాడి చెయ్యి చదవాలన్న సరదా వుంటే బస్సులో చదవండి, పెళ్ళిపందిట్లో చదవండి, సినిమా హాల్లో చదవండి. పైసా ఖర్చులేదు.

ఎదుటివాడి ముక్కలేమిటో చెప్పగలవాళ్ళు ఫ్రీమాంట్ వీధిలో ఎందరో వచ్చారు, వెళ్ళారు. ‘ఇక చాలు, లేద్దాం’ అని వాళ్ళ వొళ్ళే వాళ్ళకి చెప్పినప్పుడు విన్నవాళ్ళు మాత్రం తక్కువ.