మట్టి తీసి చూద్దాం

మన మందిరం ముందున్న కానుగ చెట్టుకు ఒకవైపు కొమ్మలు ఎండుతున్నాయి. నీళ్లకు లోటు లేదు. చెట్టు మొదలు నేల దగ్గర వెడల్పవ్వాలి. ఇది మాత్రం స్తంభంలా నిటారుగా దిగింది. మట్టి తీసి చూస్తే, బొటనవేలంత వేరొకటి మానును చుట్టి బిగిసి ఉంది. నర్సరీ సంచిలో గుండ్రంగా తిరిగిన వేరు నేలలో నాటినా అలాగే తిరుగుతుంది. మాను లావెక్కేకొద్దీ అదే ఉరవుతుంది.

ఆ వేరును ఉలితో జాగ్రత్తగా కోశాం. మొదలు మీద మళ్లీ మట్టి కప్పలేదు. చుట్టూ సిమెంటు అరుగు వద్దు. వేళ్లకు గాలి కావాలి. కోలుకోవడానికి ఏళ్లు పట్టొచ్చు, ఓర్చుకుందాం. ఈ వానలకు నాటే మొక్కలకు సంచి తీసేసి, చుట్టుకున్న వేళ్లు విడదీసి నాటుదాం.

ఇంట్లో బిడ్డ వాడిపోతున్నా అంతే. ఆకును తిట్టకుండా, ఏది బిగిసిందో మెల్లగా తవ్వి చూద్దాం.