బుడమేరు తడిపిన గోడకు ఖర్చెవరిది?

మాది జి.కొండూరు. అక్కడి ఇల్లు అద్దెకిచ్చి, పిల్లల చదువుల కోసం విజయవాడ సింగ్ నగర్‌లో అద్దెకుంటున్నాం. అందుకే మరమ్మతు ఖర్చును రెండు వైపుల నుంచీ చూడాల్సి వచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో మా మండలంలోని కవులూరు దగ్గర బుడమేరు వాగు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్ మునిగింది. నీళ్లు తీశాక చూస్తే తలుపులు ఉబ్బిపోయాయి, స్విచ్ బోర్డుల్లో బురద, నడుమెత్తు వరకూ గోడలు పెచ్చులూడాయి. ఓనరు గారు మరమ్మతు ఖర్చంతా మా అడ్వాన్సులోంచి పట్టుకుంటామన్నారు. నేను ఒప్పుకోలేదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఒప్పందంలో మరోలా రాసుకోకపోతే, అద్దెకున్నవాళ్లు ఇల్లు తీసుకున్ననాటి స్థితిలోనే తిరిగి అప్పగించాలి. కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకూ, మనిషి ఆపలేని ఉపద్రవానికీ వాళ్లు బాధ్యులు కారు. వరద రెండో కోవలోది. మంచం జరుపుతుంటే మా చేతిలో పగిలిన కిటికీ అద్దం మాత్రం ఆ లెక్కలోకి రాదు. దాని డబ్బు నేనే ఇచ్చాను. వైరింగు, తలుపులు, ప్లాస్టరింగు ఆయన పెట్టుకున్నారు. నెల పట్టింది, కొంత గట్టిగానే మాట్లాడుకున్నాం.

ఆ వరద తెచ్చిన వానలకే జి.కొండూరులో మా ఇంటి స్లాబు కారింది. అద్దెకున్న అమ్మాయి ఫోన్ చేసి, "బాబాయ్ గారూ, వంటింట్లో గోడ చెమ్మెక్కింది" అంది. సింగ్ నగర్‌లో నేను వాదించిన మాట ఇక్కడ నాకూ వర్తిస్తుంది కదా! స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించాను. అప్పటి నుంచి ఏటా ఒక నెల అద్దె మరమ్మతులకని విడిగా ఆర్‌డీలో వేస్తున్నాను. అద్దె మొత్తాన్నీ ఆదాయంగా లెక్కేసుకునే ఓనర్లకే పైపు పగిలిన రోజున అద్దెకున్నవాళ్ల అడ్వాన్సు గుర్తొస్తుందని నా నమ్మకం.

ఆ ఇంటి అద్దె ఒప్పందం తిరగరాసేటప్పుడు కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలోని జాబితాను ఆధారం చేసుకున్నాను. గోడలు, స్లాబు, సున్నాలు, పైపులు, వైరింగు నావి. కుళాయి వాషర్లు, స్విచ్‌లు, తాళాలు, పగిలిన అద్దాలు, కాలువ శుభ్రం వాళ్లవి. నేను చెప్పిన వేళకు బాగుచేయించకపోతే వాళ్లే చేయించుకుని, నెలకు సగం అద్దెకు మించకుండా కోసుకోవచ్చు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని అడ్వాన్సులో కోత పెట్టడం మన వైపు మామూలైపోయింది. అది నాకు అన్యాయంగా తోస్తుంది. ఏళ్ల తరబడి మనుషులు కాపురమున్న గోడ మాయడం వాడకమేగానీ నష్టం కాదు.

వరదకు ప్రభుత్వం నేల అంతస్తు మునిగిన కుటుంబాలకు 25,000 రూపాయలు ప్రకటించింది. ఆసరాయే, కానీ ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్, పరుపులు పోయిన ఇంటికి ఏపాటి? 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీకి వరద నష్టం వర్తిస్తుంది. జి.కొండూరు ఇంటి కట్టడం వరకు నేను తీసుకున్నాను. అద్దెకున్న అమ్మాయినీ తీసుకోమంటే, "ఇల్లు మీదేగా, మాకెందుకు బాబాయ్ గారూ?" అంది. నా పాలసీ ఆమె టీవీకీ, బీరువాకూ పైసా ఇవ్వదని చెప్పి, సామానుకు విడిగా తీసుకోమన్నాను. సింగ్ నగర్‌లో మా సామానుకు మేమూ అదే తీసుకున్నాం.