యాభై నోటు మీది రథం

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, బళ్ళారిలో ముప్పై ఏళ్ళుగా కాపురం ఉంటున్నా, హంపి అంటే మాకు ఊళ్ళనుంచి వచ్చిన చుట్టాలకు చూపించే చోటు మాత్రమే. విఠల దేవాలయంలోని రాతి రథాన్నైతే 2017 నుంచి బ్యాంకులో కట్టలు కట్టలుగా చూస్తున్నాను. కొత్త యాభై రూపాయల నోటు వెనుక ఉన్నది అదే కదా!

నిరుడు కెమెరాతో ఒంటరిగా బయలుదేరానంటే కారణం మా అబ్బాయి. "మీ ఫోటోలు బీరువాలో ఎందుకు నాన్నా? ఏజెన్సీకిస్తే అమ్మిపెడతారు" అన్నాడు. స్టాక్ ఫోటో అంటే ఒకరు అడిగితే తీసేది కాదు. ముందే తీసి నిల్వ పెడితే, పత్రికవాళ్ళో ప్రకటనలవాళ్ళో వెతుక్కుని, వాడుకునే హక్కు కొనుక్కుంటారు. కామర్స్ చదివినవాణ్ణి గనుక గోడౌను లెక్క వెంటనే బోధపడింది. ఒకప్పుడు మన ఆఫీసు కంప్యూటర్ల తెర మీద కనిపించిన పచ్చని కొండ గుర్తుందా? చార్లెస్ ఓరియర్ అనే ఆయన 1996లో కాలిఫోర్నియాలో దారిన పోతూ తీసి ఏజెన్సీకిచ్చిన ఫోటో అది. మైక్రోసాఫ్ట్‌వారు కొని, 2001లో విండోస్ ఎక్స్‌పీతో ప్రపంచమంతా పంచారు. మనబోటివాళ్ళకు అమ్మకానికి ముప్పై రూపాయలొస్తే గొప్ప.

హొసపేటలో పడుకుని, చీకటితో లేచి మాతంగ పర్వతం ఎక్కాను. మోకాళ్ళు మొరాయించాయి గానీ, పైన కూర్చున్నాక అవి గుర్తే రాలేదు. కింద అచ్యుతరాయల గుడి, అరటి తోటలు, ఆ వెనక తుంగభద్ర. ఎండ తగలగానే బండలన్నీ కాల్చిన ఇటుక రంగుకు తిరిగాయి.

రథం దగ్గర మాత్రం జనం. ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి కావాలన్నాడు కాపలాదారు. చేత్తోనే ఇరవై తీశాను. ఇలాంటివి కుప్పలుగా ఉన్నాయని ఏజెన్సీవాళ్ళు అన్నీ తిప్పి పంపారు. నదిలో ఖాళీ పుట్టి ఫోటో ఒక్కటి తీసుకున్నారు.

అసలు మంచి ఫోటో వేరే ఉంది. విరూపాక్షుడి గుడి ముందు అరటిపళ్ళు అమ్మే ముసలామె. పక్కనుంచి పడిన ఎండలో ఆ ముఖం చూసి, అడిగి తీసుకున్నాను. మనిషి ముఖం గుర్తుపట్టేలా ఉంటే, ప్రకటనలకు అమ్మడానికి ఆ మనిషి సంతకం చేసిన ఒప్పుకోలు కాగితం కావాలి. లేకపోతే వార్తలకూ పుస్తకాలకూ తప్ప పనికిరాదు. కాగితం తీశాను. ఆమె తెలుగులోనే అంది:

"మా మరిదికి సాక్షి అంటే ఏలిముద్ర ఏసినా సారూ. మూడేండ్లు అప్పు నేను కడితిని. దీంట్లో ఏముంది?"

ముప్పై ఏళ్ళలో ఎందరిచేత వేలిముద్రలు వేయించానో! ఏనాడూ ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. చదివి చెప్పాను.

"అంటే నా మొగం ఎవురు కొంటారు?"

"ఎవరైనా కొనొచ్చమ్మా."

"దేనికి?"

"మందులకో, సబ్బులకో... నాకూ తెలియదు."

"అయితే వద్దులే సారూ. పండ్లు కొను."

డజను కొన్నాను. వార్తల కింద పంపవచ్చని మావాడు సలహా ఇచ్చాడు, నిబంధన ఒప్పుతుంది కూడా. పంపలేదు.

సంక్రాంతి తర్వాత ప్రింటు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "దీనికేమన్నా సంతకం బెట్టాల్నా?" అని అడిగింది. అక్కర్లేదన్నాక మడత పడకుండా కొంగులో చుట్టుకుని, నా సంచిలో రెండు పళ్ళు వేసింది.