సినిమా ప్రేమలూ, అరిగిన చెప్పులూ

మన సినిమా హీరో ప్రేమ సంగతి చెప్పాలంటే కనీసం ఒక కొండెక్కాలి, లేదంటే ఎయిర్‌పోర్టులో పరిగెత్తాలి. చూసీ చూసీ మనకి కూడా ప్రేమంటే ఎంత ఖర్చు, ఎంత హడావుడి అన్న లెక్కే మిగిలింది. వచ్చే నెల నా పెళ్ళి. ముహూర్తం పెట్టినప్పట్నుంచీ ఫ్రెండ్స్ ఒకటే గోల.. చంద్రగిరి కోటలో ఫోటోషూట్ పెట్టు, తలకోన జలపాతం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంగరం ఇవ్వు అని. ఆ రాళ్ళ మీద మోకాలు ఆనిస్తే పెళ్ళినాటికి పీటల మీద కూర్చోగలనా అని నా భయం :)

సరే, ఉంగరం సంగతి అలా ఉంచి, నేను మళ్ళీ మళ్ళీ చూసే ప్రేమ సినిమాల్లో నన్ను కదిలించేది అసలేంటా అని ఆలోచించాను.

శేఖర్ కమ్ముల 'ఆనంద్' (2004) తీసుకోండి. రూప పెళ్ళి ఎక్కడ ఆగింది? ఒక చీర దగ్గర. చనిపోయిన తల్లి చీర కట్టుకుని పెళ్ళి చేసుకోవాలని ఆ అమ్మాయి ఆశ. కాబోయే అత్తగారు ఒప్పుకోదు. పెళ్ళికొడుకు ఆమె పక్కన నిలబడడు. ఇంత చిన్న విషయానికా అనిపిస్తుంది పైకి. కానీ ఆ చీర విలువ తెలియని మనిషికి రేపు ఇంకేం విలువ తెలుస్తుంది చెప్పండి?

'బొమ్మరిల్లు' (2006) దీనికి ఇంకో వైపు. అందులో తండ్రికి కొడుకంటే ప్రాణం. బట్టల దగ్గర్నుంచి పెళ్ళికూతురి దాకా అన్నీ తనే ఎంచుతాడు, మంచివే ఎంచుతాడు. కాకపోతే నీకేం కావాలిరా అని ఒక్కసారీ అడగడు. ఆ ఇంట్లో ప్రేమకి కరువు లేదు, అడగడానికే కరువు.

ఇక మా చిత్తూరు యాసని దేశమంతా మోగించిన 'పుష్ప' (2021). శ్రీవల్లి నవ్వు కోసం హీరో స్నేహితుడి చేత డబ్బులిప్పిస్తాడు. తర్వాత ముద్దుకో రేటు. మా యాస విని హాల్లో ఈలేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ బేరం మాత్రం నాకు మింగుడు పడలేదు. డబ్బిచ్చి తెప్పించుకున్న నవ్వులో ఆ అమ్మాయి ఎక్కడుంది?

సినిమాలెందుకు, మా తిరుపతిలోనే ఓ పెద్ద ప్రేమకథ ఉంది. భర్త కొండ మీద, భార్య కింద తిరుచానూరులో. రోజూ రాత్రి స్వామి కొండ దిగి అమ్మవారి దగ్గరకి నడిచి వస్తాడని జనం నమ్మకం. అందుకే ఆయన చెప్పులు అరిగిపోతాయంటారు. అలిపిరి పాదాల మండపంలో భక్తులు ఇప్పటికీ స్వామి పాదరక్షలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసిన కథ అందరికీ తెలుసు, ఈఎంఐ జోకులు కూడా వేస్తారు. నాకు చెప్పుల కథే ఎక్కువ ఇష్టం. అప్పు ఒక్కసారి చేస్తే చాలు. చెప్పులరగాలంటే రోజూ నడవాలి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అప్పు రిలీజు, చెప్పులు మెయింటెనెన్సు. అసలు కష్టం ఎందులో ఉందో మావాళ్ళనడగండి.

ఏటా తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాల చివరి రోజు, పంచమీతీర్థం నాడు, కొండ మీంచి అమ్మవారికి సారె వస్తుంది. పసుపు, కుంకుమ, పట్టుచీర, ప్రసాదాలు.. కాలిబాటన అలిపిరికి దిగి, అక్కణ్ణుంచి ఏనుగు మీద ఊరేగింపుగా వెళ్తాయి. సారె అంటే మనకి పుట్టింటివాళ్ళు పెట్టేది. ఇక్కడ మొగుడే పంపిస్తాడు. బావుంది కదూ?

మా నాయన ఆర్టీసీలో మెకానిక్కు. ప్రేమ అన్న మాట ఆయన నోట ఎవరూ విని ఉండరు. కొండ మీద పూలన్నీ స్వామివే, ఆడవాళ్ళు తల్లో పెట్టుకోరు. మా అమ్మకేమో పూలు లేకపోతే రోజు గడవదు. కొండకి బయల్దేరేముందు తీసి దేవుడి పటానికి పెట్టేది. తిరిగొచ్చి తిరుపతి బస్టాండులో దిగీ దిగగానే నాయన కనపడకుండా పోయేవాడు. కాసేపటికి రెండు మూరల కనకాంబరాలు ఆకులో కట్టించుకొచ్చి, "ఇంద మే, పెట్టుకో" అని అమ్మ చేతిలో పెట్టి, వెంటనే బస్సు టైము గురించి మాట్లాడేవాడు. అమ్మ ఎప్పుడూ అడగలేదు. ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు.

వీటన్నిట్లో నాకు తేలిందొకటే. ఇచ్చేదాంట్లో ఆ మనిషి కనపడాలి. ఉంగరం ఎవరికైనా తొడగొచ్చు. కొండ దిగాక ఆ పూలు మాత్రం మా అమ్మకే.

నేను చేసుకోబోయే అమ్మాయిది చిత్తూరు. తండ్రి లేడు, తల్లీ కూతురూ ఇద్దరే. తనకీ నాకూ బెంగుళూరులోనే ఉద్యోగం. ప్రతి శనివారం చిత్తూరు బస్సెక్కుతుంది. నిశ్చితార్థం అయినప్పట్నుంచీ మా బంధువులు మొదలెట్టారు, "పెళ్ళయినాక మాటిమాటికీ పుట్టింటికేంది?" అని. తను ఏమీ మాట్లాడదు. మొన్నామధ్య మాత్రం ఒక మెసేజ్ పెట్టింది, పెళ్ళయ్యాక శనివారాలు ఏం చేద్దామని. అడుగుతున్నది సినిమాల గురించి కాదని, వాళ్ళమ్మ గురించని నాకు అర్థమైంది.

పోయిన వారం పెద్దలందరూ కూర్చున్నప్పుడు చెప్పేశాను. పెళ్ళయ్యాక కూడా తను శనివారాలు చిత్తూరే వెళ్తుంది, వీలైనప్పుడల్లా నేనూ వెళ్తాను అని. మా పెద్దత్త మూతి తిప్పింది. "అప్పుడే పెళ్ళాం కొంగు పట్టుకున్నాడే" అంది. అమ్మ నవ్వింది. నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నిదానంగా అన్నాడు.

"శనివారం బస్సులు రష్షుగా ఉంటాయి రా. ముందే రిజర్వేషన్ చేయించుకోండి."