చోళ్లు గాలిస్తుంటే భూమి అర్థమైంది

మొన్న సంక్రాంతి సెలవులకి మా అక్కవాళ్ల ఊరెళ్లాను. శ్రీకాకుళం జిల్లా. ఇంటి దగ్గర్నుంచి కళింగపట్నం బీచ్‌కి బండి మీద పావుగంట. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. కాబట్టి మా మేనకోడలి దృష్టిలో నాకు రానిదంటూ ఉండదు. ఫోన్ హ్యాంగైనా, వైఫై పోయినా, లెక్క తెగకపోయినా "మావయ్యా" అని ఒకటే కేక.

ఈసారి సైన్సు పుస్తకం పట్టుకొచ్చింది. తొమ్మిదో తరగతి.

"భూమి లోపల మధ్యలో ఇనుము ఉందంట. ఎవరైనా వెళ్లి చూసొచ్చారా?"

నేను ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "సాంద్రత ఎక్కువున్నవి కిందికెళ్తాయి, తక్కువున్నవి పైకొస్తాయి. సాంద్రత అంటే ద్రవ్యరాశి బై ఘనపరిమాణం. అంతే. బట్టీ పట్టేయ్, రెండు మార్కులు."

"మరి మన పెరట్లో తాతయ్య గునపం ఎప్పట్నుంచో పడుంది. ఇనుమే కదా, మట్టి కంటే బరువే కదా. అదెందుకు కిందికి దిగిపోలేదు?"

ఇప్పుడు తలెత్తాను. సమాధానం లేదు.

నిజం చెప్పాలంటే ఆ ఫార్ములాతో నేను ఎన్నో మార్కులు తెచ్చుకున్నాను. టెన్త్, ఇంటర్, ఎంసెట్, బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్. కానీ దాన్నెప్పుడూ కంటితో చూడలేదు. గూగుల్ చేద్దామని ఫోన్ తీస్తుంటే వంటింట్లోంచి అక్క పిలిచింది. "ఇద్దరూ ఇలా రండి. చోళ్లు గాలిస్తున్నాను."

రాగుల్ని మా వైపు చోళ్లంటాం. కళ్లంలోంచి వచ్చిన చోళ్లలో పొట్టూ ఇసకా కలిసే ఉంటాయి. అక్క గిన్నెలో చోళ్లు పోసి, నిండా నీళ్లు పోసింది. పొట్టు వెంటనే పైకి తేలింది. చోళ్లు, ఇసుక రెండూ మునిగాయి.

"చూశావా, రెండూ మునిగిపోయాయి. ఇంక వేరే ఎలా అవుతాయి?" అంది పిల్ల.

అక్క మాట్లాడకుండా గిన్నెని రెండు చేతుల్తో పట్టుకుని గుండ్రంగా ఊపడం మొదలుపెట్టింది. ఊపుతూ ఊపుతూ పక్క గిన్నెలోకి మెల్లగా వంచుతోంది. చోళ్లు నీళ్లతో కలిసి జారిపోతున్నాయి. నాలుగైదుసార్లు అలా చేసేసరికి అడుగున గోరంత ఇసుక మిగిలింది.

"ఇసుక రేణువు చోడిగింజ కన్నా చిన్నది కదమ్మా, అది బరువెలా అవుద్ది?"

"ఒక్కోటీ తూచకు. ఒకే గరిటెడు చోళ్లు తీసుకో, అదే గరిటెడు ఇసుక తీసుకో. ఏది బరువు? అదీ చూడాల్సింది."

అదేనండీ సాంద్రత. ఒకే చోటులో ఎంత సరుకు కుక్కారన్నది. ఇన్నేళ్లు నేను 'బై' అని చదివిన గీత అర్థం ఆ గరిటెడే.

తర్వాత అక్క ఇంకో మాటంది. దాన్నే ఇప్పటికీ తల్చుకుంటున్నాను. "ఊపకపోతే మాత్రం ఎన్ని గంటలున్నా ఎక్కడివక్కడే ఉంటాయి. కదిలే వీలుంటేనే దేని చోటుకది చేరుద్ది."

గునపం ప్రశ్నకి జవాబు దొరికేసింది. గునపం కింద మట్టి ఉంది, దాని కింద రాయి ఉంది. అవి గట్టివి, దారివ్వవు. గునపానికి బరువైతే ఉంది గానీ కదిలే వీలు లేదు. ఆ నేలే కరిగి ముద్దలా ఉండుంటే, గునపం ఎప్పుడో మునిగిపోయేది.

భూమికి ఒకప్పుడు జరిగింది అదే. సుమారు 454 కోట్ల ఏళ్ల కిందట, అంతరిక్షంలోని రాళ్లూ రప్పలూ ఒకదాన్నొకటి ఢీకొని అతుక్కుంటూ భూమి తయారైంది. అప్పట్లో ఇనుము, రాయి అన్నీ కలిసిపోయే ఉన్నాయి, గాలించని చోళ్లలాగా. ఆ గుద్దుళ్ల వేడికి, లోపలి రేడియోధార్మిక పదార్థాల వేడికి చాలా భాగం కరిగింది. కరగ్గానే దారి దొరికింది. ఇనుము, నికెల్ బొట్లుబొట్లుగా మధ్యకి దిగాయి. తేలికైన రాతి పదార్థం పైకి వచ్చింది. ఇనుము దిగుతుంటే ఆ రాపిడికి మరింత వేడి పుట్టింది, ఇంకొంచెం కరిగింది. మొదటి కొన్ని కోట్ల ఏళ్లలోనే ఈ గాలింపు చాలావరకు అయిపోయిందని శాస్త్రవేత్తలు చెబుతారు.

"సరే, అయితే అయింది. కానీ చూడకుండా ఎలా తెలిసింది?" పిల్ల వదిలే రకం కాదు. వాళ్లమ్మ పోలిక.

ఆ రాత్రి డాబా మీద కూర్చుని ఇద్దరం చదివాం. నిజమే, ఎవరూ చూడలేదు. మనిషి తవ్విన అతి లోతైన బోరు రష్యాలోని కోలా దగ్గరుంది. లోతు 12,262 మీటర్లు, అంటే 12 కిలోమీటర్ల పైచిలుకు. భూమి మధ్యకి వెళ్లాలంటే 6,371 కిలోమీటర్లు. మామిడికాయ తొక్క మీద గోరు పెట్టినట్టు కూడా కాదు.

అందుకని మొదట తూకం వేశారు. 1798లో లండన్‌లో హెన్రీ కావెండిష్ ఒక కడ్డీకి రెండు చిన్న సీసపు గుండ్లు కట్టి తీగతో వేలాడదీసి, వాటి దగ్గరికి పెద్ద సీసపు గుండ్లు జరిపాడు. పెద్ద గుండ్లు చిన్నవాటిని ఎంత లాగుతున్నాయో, ఆ తీగ ఎంత మెలి తిరుగుతోందో దూరం నుంచి టెలిస్కోప్‌తో చూసి లెక్కేశాడు. దాన్నుంచి మొత్తం భూమి సగటు సాంద్రత తేలింది. నీటికంటే సుమారు 5.48 రెట్లు. ఇప్పటి లెక్క 5.51. రెండువందల ఏళ్ల కిందట, కాలిక్యులేటర్ కూడా లేకుండా! నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాసిన కోడ్‌లో ఇంతకన్నా పెద్ద తప్పులు వస్తాయి.

ఇక్కడే అసలు కిటుకుంది. మన కాళ్లకింద రాళ్ల సాంద్రత ఎంత? హైదరాబాద్ గుట్టల్లో ఉండే గ్రానైట్ 2.7 దాకా ఉంటుంది. తెలంగాణ పడమటి వైపు కనిపించే నల్లరాయి బసాల్ట్ 3కి అటూ ఇటూ. మరి సగటు 5.5 ఎలా వచ్చింది?

పిల్లకి ఇలా చెప్పాను. "మీ క్లాస్ సగటు 55 మార్కులు. కానీ గుమ్మం దగ్గర కూర్చున్న వాళ్లందరికీ 27, 30 వచ్చాయి. అంటే ఏమిటి?"

"లోపలెక్కడో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు."

ఉన్నారు. మధ్యలో కూర్చున్నారు. కేంద్రమండలంలో సాంద్రత 10 నుంచి 13 దాకా వెళ్తుంది. నేల మీద ఇనుము 7.9 మాత్రమే. పైనున్న భూమి మొత్తం నొక్కుతుంటే లోపలి ఇనుము అంతగా బిగుసుకుపోతుంది.

ఆ తర్వాత చెవి పెట్టి విన్నారు. కొబ్బరికాయ కొనేముందు ఊపి, వేలితో కొట్టి వింటాం కదా, అలాగ. భూకంపం వచ్చినప్పుడు తరంగాలు భూమి లోపల నుంచి ప్రయాణించి అవతలి వైపు తేలతాయి. పదార్థం మారిన చోట అవి వంగుతాయి, వేగం మారుతుంది. ఒక రకం తరంగాలైతే ద్రవంలోంచి అసలు వెళ్లలేవు. 1906లో రిచర్డ్ ఓల్డ్‌హామ్ ఆ రికార్డులు చూసి లోపల వేరే గుండ్రటి భాగం ఉందన్నాడు. ఆయన అంతకుముందు మన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసినవాడే. 1936లో డెన్మార్క్‌కి చెందిన ఇంగె లెహ్‌మన్ ఇంకా లోపలికి వెళ్లింది. 1929లో న్యూజిలాండ్‌లో వచ్చిన భూకంపం తరంగాల్ని పరిశీలించి, కేంద్రమండలంలో మరో చిన్న కేంద్రం ఉందని తేల్చింది. బయటిది కరిగిన ఇనుము, లోపలిది గట్టి ఇనుము అని తర్వాత స్పష్టమైంది.

ఇంగె లెహ్‌మన్ ఆడమనిషని చెప్పగానే పిల్ల ఫోటో వెతికింది. స్క్రీన్‌షాట్ తీసుకుంది. నేను గమనించాను గానీ ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే బీచ్‌కి వెళ్లాం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఇసుక మీద నల్లటి చారలు చారలుగా ఉంటాయి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, మురికనుకునేవాణ్ని. అది ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాల ఇసుక. మామూలు తెల్ల ఇసుక సాంద్రత 2.65 అయితే ఇల్మనైట్‌ది 4.7 దాకా ఉంటుంది. కెరటం వస్తుంది, వెనక్కి వెళ్తుంది. వెళ్తూ తేలికపాటి ఇసుకని తీసుకుపోతుంది, బరువుది మిగిలిపోతుంది. భీమిలి దగ్గరా, భావనపాడు దగ్గరా ఇదే కథ. సముద్రం రోజంతా చోళ్లు గాలిస్తూనే ఉంది.

రెండు గుప్పిళ్లు ఇంటికి తెచ్చి, ఎండబెట్టి, ఒకే చిన్న కప్పుతో కొలిచి, అక్క వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టాం. తెల్లది 80 గ్రాములు. నల్లది 115. పిల్ల ఆ అంకెల్ని నోట్సులో రాసుకుని, కింద రెండు గీతలు కొట్టింది.

నాకు ఉషారొచ్చింది. "చూశారా, లోకమంతా ఇదే. బరువున్నది కిందికి, తేలికైంది పైకి" అని పెద్ద ఫిలాసఫర్‌లా ఒక వాక్యం వదిలాను.

"యురేనియం ఇనుము కన్నా బరువు కదా మావయ్యా? అది కడపలో ఎందుకు దొరుకుతోంది?"

మళ్లీ దొరికిపోయాను. యురేనియం సాంద్రత 19. ఇనుముకి రెండింతల పైనే. అది ఎప్పుడో భూమి మధ్యకి దిగిపోవాలి. కానీ వైఎస్సార్ కడప జిల్లా తుమ్మలపల్లెలో గని తవ్వి మరీ తీస్తున్నారు. కారణమేంటంటే, యురేనియానికి ఇనుముతో పొసగదు, ఆక్సిజన్ అంటే ఇష్టం. ఆక్సిజన్‌తో జతకట్టి, తేలికైన రాళ్లలో సర్దుకుని, వాటితోపాటు పైకి వచ్చేసింది. అంటే విడిగా తూచితే ఎంత బరువన్నది ఒక్కటే చాలదు. ఎవరి చెయ్యి పట్టుకున్నావన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఈ మాట చెబుతూ చెబుతూ నేను ఆగిపోయాను. అక్క పక్కనే ఉంది, గిన్నెలు సర్దుతోంది.

మా అక్క నాకన్నా ఐదేళ్లు పెద్ద. ఇంటర్ ఎంపీసీ. ఫిజిక్స్‌లో అరవైకి యాభై ఎనిమిది. అదే పేపర్లో తర్వాత నాకొచ్చింది యాభై ఒకటి. ఎంసెట్ ఫారం నాన్న తెచ్చాడు కూడా. కానీ ఇంట్లో ఒక్కరి చదువుకే డబ్బులున్నాయి. వాటిని నా కోచింగ్‌కి దాచారు. అక్కకి పద్దెనిమిదికి పెళ్లయింది. అప్పుడు నాకు పదమూడేళ్లు, ఏమీ తెలీదు. తెలిసాక కూడా ఏమీ అనలేదు. అదీ నా తప్పు.

"అక్కా, నీకివన్నీ ముందే తెలుసు కదా" అన్నాను.

"కొంచెం గుర్తుంది. సాంద్రత చాప్టర్ బాగుండేది." అంతే అంది. తర్వాత గొంతు తగ్గించి, "దాన్ని టెన్త్ అయ్యాక వైజాగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాను. మీ బావ సరేనన్నారు. అత్తయ్యగారే, ఊళ్లో కాలేజీ ఉండగా ఆడపిల్లని దూరమెందుకంటున్నారు. నువ్వు చెబితే వింటారేమో."

నేను చెబితే వింటారు. ఎందుకంటే నేను ఇంజినీర్ని. నేను ఇంజినీర్నవడానికి ఆగిపోయిన మనిషి చెబితే మాత్రం వినరు.

సాయంత్రం అరుగు మీద అత్తయ్యగారి పక్కన కూర్చున్నాను. కాలేజీ సంగతి, హాస్టల్ సంగతి, ఫీజులో సగం నేను కడతానన్న సంగతి చెప్పాను. ఆవిడ తమలపాకు నములుతూ అంతా విన్నారు. "చూద్దాంలే బాబూ, ఇంకా ఏడాదుంది కదా" అన్నారు.

అవుననలేదు. కాదని కూడా అనలేదు.

తిరిగి హైదరాబాద్ వచ్చాక ప్రతి ఆదివారం ఆవిడకి ఫోన్ చేస్తున్నాను. మోకాళ్ల నొప్పులు అడుగుతాను, వర్షాలు అడుగుతాను, చివర్లో కాలేజీ మాట ఎత్తుతాను. ఆపేస్తే ఎక్కడివక్కడే ఉండిపోతాయని అక్క గిన్నెలో చూశాను కదా. ఊపుతూనే ఉన్నాను.